కొత్త ఫెల్డ్‌స్పార్ బస్తా వచ్చాక మట్టి కప్పుల మీది గ్లేజ్ (గాజు పూత) పగులుతోంది, కారుతోంది. రెసిపీలో ఏది ఎంత మార్చాలి?

మట్టిచేతులు
ఏళ్ల తరబడి ఒకటే గ్లేజ్ వాడుతున్నా. అందరికీ తెలిసిన 4-3-2-1 రెసిపీయే. ఫెల్డ్‌స్పార్ (గ్లేజ్‌ని కరిగించే రాతిపొడి) 40, సిలికా (పలుగురాయి పొడి) 30, వైటింగ్ (సుద్దపొడి) 20, చైనా క్లే (తెల్ల బంకమట్టి) 10, పైన ఐరన్ ఆక్సైడ్ ఒకటిన్నర. గ్యాస్ బట్టీ, కోన్ 9 (బట్టీ వేడిని చెప్పే కొలత), రిడక్షన్ (గాలి తగ్గించి కాల్చడం). లేతాకుపచ్చ సెలడాన్ ఏ గొడవా లేకుండా వచ్చేది. పోయిన నెల ఫెల్డ్‌స్పార్ అయిపోతే అదే డీలర్ దగ్గర కొత్త బస్తా తెచ్చా. ఇక అక్కణ్ణుంచి మొదలైంది. కప్పుల అడుగుకి గ్లేజ్ కారి షెల్ఫ్‌కి అంటుకుంటోంది. నిలబడ్డ వాటికేమో సాలెగూడులా సన్నటి పగుళ్లు. బట్టీ తలుపు తీస్తే చాలు, టింగు టింగుమని ఒకటే మోత.
డీలర్‌ని అడిగితే "ఫెల్డ్‌స్పార్ అంటే ఫెల్డ్‌స్పారే సార్" అన్నాడు. ఒకరు సిలికా కలపమంటారు, ఒకరు చైనా క్లే పెంచమంటారు, ఇంకొకరు ఫెల్డ్‌స్పార్ తగ్గించమంటారు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఒక్కరూ చెప్పరు. ఒక కాఫీ షాపు వాళ్ల కప్పులు ఇవ్వాల్సి ఉంది, ఒత్తిడి మీద ఉన్నా.

కరీంనగర్_కుండ
అన్నా, గా బస్తా మీద ఏం రాసున్నదో జర చూసి చెప్పు. పొటాషా, సోడానా?

మట్టిచేతులు
తెల్ల ప్లాస్టిక్ బస్తా. 200 మెష్ (పొడి ఎంత మెత్తనో చెప్పే జల్లెడ నంబర్) అని ముద్ర ఉంది. మార్కర్‌తో ఓ మూల "ఎస్" అని రాసి ఉంది. అంతే. పాత సరుకు డ్రమ్ము అడుగున ఓ అరకిలో ఉంటుంది.

కిటికీ_పిల్లి
ఎస్ అంటే సూపర్ అయ్యుంటుంది లెండి.

కరీంనగర్_కుండ
సోడా అన్నా, సోడా. నూటికి తొంభై పాళ్లు గదే.

రసాయనం_మాస్టారు
కుండ గారి ఊహే నాదీను. పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో కరిగించే సరుకు ఎక్కువగా పొటాషియం, సోడా దాంట్లో సోడియం. రెండూ తెల్లటి పొడే, చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. డీలర్లకి ఎక్కువ గిరాకీ టైల్స్ ఫ్యాక్టరీల నుంచి. వాళ్లు కొనేది చాలావరకు సోడాయే. కాబట్టి అడక్కపోతే అదే మీ చేతికొస్తుంది.
సెగర్ పద్ధతిలో లెక్క కట్టి చూశా. గ్లేజ్‌ని కరిగించే ఆక్సైడ్లన్నీ కలిపి 1 అనుకుని, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), సిలికా దానికి ఎన్ని వంతులో తూకంలో కాక అణువుల లెక్కన చూడటం అన్నమాట. మీ 4-3-2-1 పొటాష్‌తో అయితే పొటాషియం 0.26, కాల్షియం 0.74, అల్యూమినా 0.41, సిలికా 3.7. అదే సోడాతో అయితే సోడియం 0.28, కాల్షియం 0.72, అల్యూమినా 0.42, సిలికా 3.75. (శుద్ధమైన ఖనిజం అనుకుని కట్టిన లెక్క ఇది, బస్తాలో అంత శుద్ధంగా ఉండదు.) అంకెలు దాదాపు ఒకటే. తేడా అంతా ఆ మొదటి అంకె ముందున్న పేరులో ఉంది. సోడియం గ్లేజ్‌ని పల్చగా కరిగిస్తుంది, అందుకే కారుతోంది. చల్లారేటప్పుడు పొటాషియం కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది, అందుకే పగులుతోంది.
పగుళ్లంటే ఏం లేదు. కింద మట్టి కుంచించుకునే దానికన్నా పైన గ్లేజ్ ఎక్కువ కుంచించుకుంటే, చాలని చొక్కాలా చిట్లిపోతుంది.

గోదారి_గట్టు
అంత నమ్మకం లేకపోతే చూసుకోవడం తేలికేనండి. పాత అరకిలోలోంచి ఓ పది గ్రాములు, కొత్త దాంట్లోంచి పది గ్రాములు, నీళ్లతో ముద్ద చేసి చిన్న గోళీల్లా చుట్టండి. అంచులున్న మట్టి పలక మీద రెండూ పక్కపక్కన పెట్టి వచ్చే కాల్పులో పెట్టెయ్యండి. సోడా అయితే చదునుగా కరిగి గాజులా పరుచుకుంటుంది. పొటాష్ అయితే పాలగాజులా ముద్దగా నిలబడుతుంది. నేనైతే కొత్త బస్తా విప్పినప్పుడల్లా ఇదే చేస్తా, అది ఫెల్డ్‌స్పారైనా బంకమట్టైనా.

అమీర్‌పేట_అద్దెగది
అసలు పొటాష్ బస్తా ఒకటి కొనుక్కుంటే పోయేదానికి ఇంత భారతం ఎందుకు?

మట్టిచేతులు
కొంటా. కానీ 50 కిలోల బస్తా, పావు వంతు కూడా అవలేదు. పైగా 8 లీటర్ల గ్లేజ్ కలిపి బకెట్‌లో ఉంది. అదంతా పారబోయనా?

డాలస్_కుమ్మరి
@అమీర్‌పేట_అద్దెగది ఒక సరుకు ఎప్పటికీ దొరుకుతుందనుకోవడమే పొరపాటు. ఇక్కడ అమెరికాలో ఆల్బనీ స్లిప్ అని ఒక మట్టి ఉండేది. ఏమీ కలపకుండా పూసి కాలిస్తే చాలు, నల్లటి గోధుమ రంగు గ్లేజ్ అయ్యేది. తరాల తరబడి వాడారు. 1980ల్లో తవ్వకం ఆపేశారు, పుస్తకాల్లో రెసిపీలు మిగిలాయి. గెర్‌స్ట్‌లీ బోరేట్ అనే బోరాన్ ఖనిజం కథా అంతే, లాట్ లాట్‌కీ గుణం మారేది. మొన్నామధ్య బ్యాటరీల పుణ్యమా అని లిథియం కార్బొనేట్ ధర ఆకాశానికెక్కింది. మా స్టూడియోలో సగం మంది లిథియం రెసిపీలు పక్కన పెట్టేశారు. రెసిపీ బట్టీయం పెడితే చాలదు, ఏ సరుకు ఏం తెస్తోందో తెలిసుండాలి.

పింగాణీ_పద్మ
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. పగుళ్లని ఎందుకంత తిడుతున్నారు? చైనాలో సాంగ్ రాజుల కాలంలో గువాన్ పాత్రలకి ఆ పగుళ్లే అందం. కావాలని తెప్పించుకునేవాళ్లు. నేను పూలకుండీలకి చిక్కటి టీ డికాక్షన్ పట్టించి ఆ గీతల్ని ఇంకా ఎత్తి చూపిస్తా. అవే ముందు అమ్ముడుపోతాయి.

జాడీరాణి
పద్మగారూ, కుండీకి సరే. కాఫీ కప్పుకి? నెల తిరిగేసరికి ఆ గీతల్లోకి కాఫీ దిగి కప్పు లోపలంతా గోధుమ రంగు వల. మట్టి పూర్తిగా బిగుసుకోలేదంటే అడుగు నుంచి తేమ కూడా ఊరుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే పిడి చెయ్యి కాలుస్తుంది. ఇహ ఊరగాయ జాడీకైతే అస్సలొద్దు, ఉప్పూ నూనే బయటికి ఊరి జాడీ చుట్టూ తెల్లగా పేరుకుంటుంది.

పింగాణీ_పద్మ
కప్పులకి పెట్టమని నేననలేదే! పగులు అనగానే దోషం అనొద్దన్నా, అంతే.

బూడిద_బాబాయి
మాస్టారి లెక్కలు పూర్తయ్యేలోపు కాఫీ షాపు మూసేస్తారు. నేను చెప్పేది వినండి. ఐదు ప్లాస్టిక్ కప్పులు తీసుకోండి. ఒక్కోదాంట్లో కొత్త ఫెల్డ్‌స్పార్‌తో కలిపిన పొడి గ్లేజ్ 100 గ్రాములు. మొదటి దాంట్లో ఏం కలపొద్దు. రెండో దాంట్లో సిలికా 3 గ్రాములు, తర్వాత 6, 9, 12. నీళ్లు పోసి జల్లెడ పట్టి, మీరు కప్పులకి వాడే మట్టితోనే చేసిన పలకల మీద పుయ్యండి. పలకలు నిలువుగా నిలబెట్టాలి, పడుకోబెడితే కారేదీ కారనిదీ తెలీదు. వెనకాల ఐరన్ ఆక్సైడ్‌తో నంబర్ వెయ్యండి. కాలిన తర్వాత మరిగే నీళ్లలో పది నిమిషాలు, వెంటనే ఐసు నీళ్లలో. నాలుగైదుసార్లు అలా చేశాక పలక మీద ఇండియన్ ఇంకు పూసి తుడవండి. ఎక్కడ గీత పడలేదో అదీ మీ రెసిపీ. సిలికా కలిపితే పగుళ్లు పోతాయని పాండిచ్చేరిలో నేర్చుకున్న రోజుల నుంచీ చేస్తున్నా. లెక్క కట్టిందెప్పుడూ లేదు.

రసాయనం_మాస్టారు
బాబాయ్ గారూ, ఆ ఐదు కప్పుల్లో సిలికానే ఎందుకు మార్చమన్నారు? ఐరన్ ఆక్సైడో చైనా క్లేయో ఎందుకు కాదు? సిలికా తక్కువ వ్యాకోచిస్తుందని, చల్లారేటప్పుడు తక్కువ ముడుచుకుంటుందని తెలుసు కనకే కదా. అదే లెక్క. మీరు నోటితో కట్టారు, నేను కాగితం మీద కట్టా.

కిటికీ_పిల్లి
మాస్టారు 1, బాబాయి 0.

బూడిద_బాబాయి
నాది లెక్క కాదు నాయనా, అనుభవం. సరే, ఓ పాయింటు ఇస్తా.

చెరువుగట్టు_చందు
సిలికా కలిపేటప్పుడు ఒకటి చూస్కోండి. పెయింట్ల వాళ్లకిచ్చే ముతక పలుగురాయి పొడి తెచ్చి కలిపితే అది గ్లేజ్‌లో పూర్తిగా కరగదు. గరుగ్గా ఉండిపోతుంది, పగుళ్లూ పోవు. అప్పుడు సిలికా పని చెయ్యలేదని దాన్ని తిట్టుకుంటారు. కనీసం 200 మెష్, 300 దొరికితే ఇంకా మంచిది. మూతికి గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకోండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. కింద పడిన పొడిని చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి.

మట్టిచేతులు
గోళీలు పెట్టి చూశా. గట్టు గారు చెప్పినట్టే. కొత్తది కరిగి పలక అంచు దాకా పాకింది, పాతది గుడ్డు పచ్చసొనలా పొంగి కూర్చుంది. సోడాయే. బాబాయి గారి ఐదు కప్పులు కలిపా. పూత ఆరుతోంది. మాస్టారూ, సిలికా ఒక్కటే కాక ఇంకో దారి ఏదైనా ఉందా? ఉంటే అది కూడా ఇదే కాల్పులో పెట్టేస్తా.

రసాయనం_మాస్టారు
ఉంది. సిలికా పెంచడమంటే వ్యాకోచం తక్కువున్న దాన్ని చేర్చడం. రెండో దారి, ఎక్కువ వ్యాకోచించే సోడియాన్నే తగ్గించి, ఆ కరిగించే పని మెగ్నీషియం చేత చేయించడం. టాల్క్‌లో (బలపపు రాయి పొడిలో) మెగ్నీషియం ఉంటుంది, సిలికా కూడా వస్తుంది. ఇది పెట్టి చూడండి:
సోడా ఫెల్డ్‌స్పార్ 34, వైటింగ్ 17, టాల్క్ 6, చైనా క్లే 13, సిలికా 30. మొత్తం 100. ఐరన్ యథాతథం.
సెగర్ లెక్కలో సోడియం 0.23, కాల్షియం 0.60, మెగ్నీషియం 0.17, అల్యూమినా 0.41, సిలికా 3.73. చూశారా, చివరి రెండు అంకెలూ మీ పాత గ్లేజ్‌వే. నిగారింపు, కరిగే తీరు ఆ రెంటి మీదే ఎక్కువ ఆధారపడతాయి కాబట్టి వాటిని కదపలేదు. ఫెల్డ్‌స్పార్ తగ్గిస్తే దాంతోపాటు పోయే అల్యూమినా కోసం చైనా క్లే 10 నుంచి 13 చేశా. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఫెల్డ్‌స్పార్ ఒక్కటే తగ్గించి ఊరుకుంటారు. అదొక్కటి తగ్గిస్తే మూడు తగ్గుతాయి, సోడియం, అల్యూమినా, సిలికా.

అమీర్‌పేట_అద్దెగది
ఆ చివరి వాక్యం నాకు ఇప్పుడెక్కింది. ఫెల్డ్‌స్పార్ అంటే ఒక సరుకు కాదు, మూడు సరుకుల మిక్చర్.

రసాయనం_మాస్టారు
అవును. చైనా క్లే కూడా రెండు, అల్యూమినా, సిలికా. కాలిస్తే దాదాపు 14 శాతం నీరై పోతుంది. వైటింగ్‌లో 44 శాతం గాలిలో కలిసిపోతుంది, కాల్షియం మాత్రమే మిగులుతుంది. తూకంలో చూసే 20 బట్టీలో 20గా ఉండదు.

జాడీరాణి
మాస్టారు చైనా క్లే పెంచమన్నారు కాబట్టి ఓ హెచ్చరిక. 13కి ఏం కాదు. కానీ మా అక్క వాళ్ల స్టూడియోలో కారకుండా ఉండాలని 25 దాకా పోశారు. పూత ఆరేటప్పుడే చెరువు ఎండినట్టు నెర్రెలిచ్చింది, కాలిస్తే ముద్దలు ముద్దలుగా ముడుచుకుపోయి మధ్యలో మట్టి బయటపడింది. అలాంటప్పుడు సగం చైనా క్లేని ముందే బిస్క్‌లో (గ్లేజ్ పూయకముందు చేసే తొలి కాల్పులో) ఒక గిన్నెలో పెట్టి కాల్చి వాడాలి. కాల్చినది 14 శాతం తక్కువ తూకం వెయ్యాలి, అంటే పన్నెండున్నరకి బదులు 10.75. రసాయనం అదే, ఆరేటప్పుడు ముడుచుకోవడం ఆగుతుంది.

చెరువుగట్టు_చందు
జింక్ ఎక్కువైనా అదే జబ్బు. జిడ్డు చేతులతో బిస్క్ (తొలి కాల్పు అయిన పాత్ర) పట్టుకున్నా అదే. అన్నీ రెసిపీ మీదకి తోసెయ్యకండి.

మట్టిచేతులు
బట్టీ తీశా. వివరంగా రాస్తా.
సిలికా 0, 3: పగుళ్లు, చేతిలోకి తీసుకోగానే కనిపించాయి. 6: పైకి బానే ఉంది, ఐసు నీళ్ల తర్వాత ఇంకు పూస్తే రెండు మూలల గీతలు తేలాయి. 9, 12: ఏ గీతా లేదు. కారడం 6 దగ్గరే ఆగిపోయింది. అయితే తలుపు దగ్గర కొంచెం చల్లటి చోట పెట్టిన 12 పలక మెరుపు తగ్గి, వేలితో రాస్తే పొడిబారినట్టుంది. 9 బావుంది.
మాస్టారి టాల్క్ గ్లేజ్: పగుళ్లు లేవు, కారలేదు, పట్టుకుంటే నున్నగా వెన్నలా ఉంది. కానీ రంగు నీలి ఛాయ పోయి బూడిద పచ్చగా మారింది. బావుందనే అనాలి, కానీ షాపు వాళ్లకి ముందు చూపించిన రంగు ఇది కాదు.

పింగాణీ_పద్మ
ఫోటో చూశా. నాకు టాల్క్‌దే నచ్చింది. పాత రాతి గోడ మీద నాచు రంగు.

బూడిద_బాబాయి
9 గ్రాముల సిలికా. నా ఓటు. పాయింటు వెనక్కివ్వండి.

రసాయనం_మాస్టారు
ఇచ్చేశా. మెగ్నీషియం ఇనుము రంగుని అలా మార్చేస్తుంది, ముందే చెప్పాల్సింది. సెలడాన్ రంగు ముఖ్యమైతే 9 సిలికాతోనే పోండి. రంగుతో పని లేని తెల్ల గ్లేజ్‌కి మాత్రం టాల్క్‌దే మేలు, బట్టీలో చల్లటి చోటైనా ఎండిపోదు.

మట్టిచేతులు
ఇప్పుడు అసలు ప్రశ్న. బకెట్‌లో నీళ్లతో కలిపి ఉన్న 8 లీటర్లలో ఎంత సిలికా వెయ్యాలి? అందులో పొడి ఎంతుందో నాకెలా తెలుస్తుంది? వాడుతూ వచ్చా, నీళ్లు పోస్తూ వచ్చా.

కోన్9
దీనికి ఫార్ములా ఉంది. ఎక్కువమందికి తెలీదు, అందుకే కళ్లు మూసుకుని గరిటెడు పోస్తారు. బకెట్ అడుగు దాకా బాగా కలిపి, సరిగ్గా 100 మిల్లీలీటర్లు తూకం వెయ్యండి. సూది తీసేసిన పెద్ద సిరంజీతో పీల్చితే కొలత కచ్చితంగా వస్తుంది. మీకు 145 గ్రాములు వచ్చిందనుకోండి. 100 తీసేస్తే 45. దాన్ని 1.625తో గుణించండి. 73 గ్రాములు. అంటే ప్రతి 100 మిల్లీలీటర్లలో 73 గ్రాముల పొడి ఉంది. 8 లీటర్లకి దాదాపు 5850 గ్రాములు. అందులో 9 శాతం 525 గ్రాములు. అదీ వెయ్యాల్సిన సిలికా.
ఆ 1.625 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, గ్లేజ్ పొడుల సాంద్రత సుమారు 2.6 ఉంటుంది, దాన్ని అందులోంచి ఒకటి తీసేసిన 1.6తో భాగిస్తే వచ్చింది. బ్రోన్యార్ అనే ఫ్రెంచ్ ఆయన పేరుతో పిలుస్తారు.
సిలికాని నేరుగా బకెట్‌లో కుమ్మరించొద్దు. విడిగా నీళ్లలో నానబెట్టి, 80 మెష్ జల్లెడ పట్టి పొయ్యండి.

మట్టిచేతులు
నాది 148 వచ్చింది. 48 ఇంటూ 1.625, అంటే 78. 8 లీటర్లకి 6240. 9 శాతం 560 గ్రాములు. సరేనా?

కోన్9
సరే. ఐరన్ కూడా దాని వంతు చూసుకోండి. సిలికా పెరిగి మొత్తం పెరిగింది కదా, ఒకటిన్నర శాతం నిలబెట్టాలంటే ఇంకో 8 గ్రాములు. సెలడాన్‌లో ఆ కాస్తా కనపడుతుంది.

గోదారి_గట్టు
సోడా ఫెల్డ్‌స్పార్ గ్లేజ్‌లు ఊరికే అడుగున రాయిలా పేరుకుంటాయండి, చూసుకోండి. ఎప్సమ్ సాల్ట్ కొంచెం వేడి నీళ్లలో కరిగించి చెంచాడు చెంచాడుగా పోస్తే తేలుతుంది. మందుల షాపులో అడగక్కర్లేదు, ఎరువుల కొట్లో మెగ్నీషియం సల్ఫేట్ అంటే కిలోల్లెక్కన ఇస్తారు. మా ఊళ్లో కొబ్బరితోటలకి వేసేది అదే.

అమీర్‌పేట_అద్దెగది
నాదో ప్రశ్న. నాది చిన్న ఎలక్ట్రిక్ బట్టీ, కోన్ 6 దాటదు. ఈ 4-3-2-1 పెడితే సగం కరిగి గరుగ్గా వస్తోంది. పచారీ కొట్లో వెలిగారం దొరుకుతుంది కదా, అది ఓ పది శాతం కలిపితే కరగదా?

రసాయనం_మాస్టారు
కరుగుతుంది, కానీ వద్దు. వెలిగారం నీళ్లలో కరిగిపోతుంది. మీరు పూసిన పూతలోని నీళ్లని బిస్క్ పీల్చుకున్నప్పుడు దాంతోపాటు వెలిగారం కూడా మట్టిలోకి పోతుంది. కొంత అంచుల దగ్గర పేరుకుంటుంది. రెండు వారాల తర్వాత బకెట్ అడుగున పలుకులు కడుతుంది. రోజుకో గ్లేజ్ అన్నమాట. అందుకే వెలిగారంలో ఉండే బోరాన్‌ని సిలికాతో కలిపి ముందే కరిగించి, గాజు చేసి, పొడి కొట్టి అమ్ముతారు. దాన్నే ఫ్రిట్ అంటారు. కోన్ 6కి బోరాన్ ఫ్రిట్ 20, 25 శాతం పెట్టి ఫెల్డ్‌స్పార్, వైటింగ్ తగ్గించి మొదలుపెట్టండి. ఫ్రిట్ కొనేటప్పుడు దాని విశ్లేషణ కాగితం అడగండి, సీసం లేదని రాసిందో లేదో చూడండి. బోరాన్ వ్యాకోచం తక్కువ కాబట్టి పగుళ్ల బాధ కూడా తగ్గుతుంది.

వీధిచివర_వీరయ్య
ఇంతెందుకు. సిందూరం కలపండి. తక్కువ వేడికే గాజులా కరుగుతుంది, అద్దంలా మెరుస్తుంది. పాతకాలంలో అదే వాడేవాళ్లు.

జాడీరాణి
వీరయ్య గారూ, అది సీసం. దాంట్లో నిమ్మకాయ పిండి తింటే నేరుగా ఒంట్లోకి. తినే పాత్రల మీద ఆ మాటే ఎత్తకండి.

వీధిచివర_వీరయ్య
మా తాతలు తినలేదా?

కరీంనగర్_కుండ
తిన్నరు తాతా. ఏమైందో ఎవరన్న రాసిపెట్టిన్రా? వదిలెయ్.

బూడిద_బాబాయి
సిలికా కొనడం ఖర్చనుకునేవాళ్లకి ఒక దారి. రైస్ మిల్లు ఊక బూడిదలో తొంభై శాతం దాకా సిలికాయే. గోదావరి జిల్లాల్లో దానికేం కొదవ? నల్లగా ఉంటే ఇంకా బొగ్గు మిగిలినట్టు, ఇంకోసారి కాల్చి తెల్లబరచండి. దూదిలా తేలిగ్గా ఉంటుంది కాబట్టి గిన్నెలతో కొలవొద్దు, తూకమే. జపాన్‌వాళ్లు నూకా అనే పాలలాంటి తెల్ల గ్లేజ్ చేసేది దీంతోనే.
కట్టెల బూడిద మాత్రం వేరు సంగతి. దాంట్లో కాల్షియం ఎక్కువ, అది వైటింగ్ పని చేస్తుంది, సిలికా పని కాదు. రెండూ బూడిదే కదా అని ఒకదాని బదులు ఒకటి వేస్తే అంతే సంగతులు. పాండిచ్చేరిలో 1971లో పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వాళ్లు బట్టీల్లో సరుగుడు కట్టెలు కాల్చేవాళ్లు. మన కోస్తాలోనూ సరుగుడుకి లోటు లేదు. ఆ బూడిద 40, ఫెల్డ్‌స్పార్ 40, చైనా క్లే 20 పెట్టి చూడండి. చేతులకి తొడుగులు వేసుకోండి, బూడిద నీళ్లు చర్మాన్ని కొరికేస్తాయి.

డాలస్_కుమ్మరి
బాబాయ్ గారూ, ఆ బూడిద లాట్‌కో రకంగా ఉండదా? ఫెల్డ్‌స్పార్ బస్తా మారిందనే కదా ఇంత గొడవ.

బూడిద_బాబాయి
ఉంటుంది. అందుకే ఒకేసారి గోనె సంచులకొద్దీ జల్లించి, కలిపి, దాచుకుంటా. అది ఉన్నన్నాళ్లూ ఒకటే రెసిపీ. అయిపోయాక మళ్లీ ఐదు కప్పులు.

చెరువుగట్టు_చందు
నావి పగుళ్లు కాదు, సూదిగుచ్చినట్టు చిల్లులు. గ్యాస్ బట్టీ, ఇదే రెసిపీ, పొటాష్‌తోనే.

కోన్9
వైటింగ్ లోంచి వచ్చే గాలి బుడగలు కావచ్చు. వైటింగ్ బదులు వోలాస్టొనైట్ (కాల్షియం, సిలికా కలిసిన ఖనిజం) వాడి చూడండి, దాంట్లోంచి ఆ గాలి రాదు. 20 వైటింగ్‌కి 23 వోలాస్టొనైట్. అందులో సిలికా కూడా 12 దాకా వస్తుంది కాబట్టి 30 సిలికాని 18కి దించండి. దించకపోతే ఇంకో గ్లేజ్ అవుతుంది. దానికి ముందు బిస్క్ కాస్త ఎక్కువ వేడికి కాల్చి చూడండి, చాలాసార్లు గాలి మట్టిలోంచే వస్తుంది.

కిటికీ_పిల్లి
నేను ఊరికే జోకులెయ్యడానికి వచ్చా. వారం నుంచి తూకం కాటా ధరలు చూస్తున్నా.

జాడీరాణి
0.1 గ్రాము చూపించేది కొను. వంటింటి కాటా వద్దు, రంగులు తూచలేవు.

మట్టిచేతులు
బకెట్‌లో సిలికా కలిపేశా. పది కప్పులు కాల్చా, ఇంకు పరీక్షకి ఒక్క గీతా లేదు. షాపు వాళ్లు ఇప్పుడు చిన్న ఊరగాయ జాడీలు కూడా అడుగుతున్నారు, లోపల నీలం రంగు కావాలట. నీలానికి కోబాల్ట్ కార్బొనేట్ వేసే రెసిపీ ఉంది, కానీ నా దగ్గర కోబాల్ట్ ఆక్సైడ్ ఉంది. దాని బదులు ఇది ఎంత వెయ్యాలి?

జాడీరాణి
లోపల రంగు పెట్టకండి. ఆవకాయలో పులుపు, ఉప్పు నెలల తరబడి గ్లేజ్‌ని తడుముతూనే ఉంటాయి. లోపల రంగులేని పారదర్శకం, బయట నీలం. ఆ లోపలి గ్లేజ్‌ని కూడా ఓ పలక మీద సగం వెనిగర్‌లో ఒక రోజంతా ముంచి చూడండి. మునిగిన సగం మెరుపు తగ్గిందా, గ్లేజ్ మార్చాల్సిందే. మెరుపు తగ్గకపోయినా, అమ్మే ముందు ల్యాబ్‌లో ఒకసారి లీచింగ్ పరీక్ష (గ్లేజ్‌లోంచి లోహాలు తిండిలోకి దిగుతున్నాయా అని చూసేది) చేయించండి, వెనిగర్ పలక అన్నీ చెప్పదు.

కోన్9
కార్బొనేట్ ఒకటిన్నర ఉన్నచోట ఆక్సైడ్ ఒకటి. నీలం చుక్కలు పడకుండా 120 మెష్ జల్లెడ రెండుసార్లు పట్టండి.